గాలం వేసిన రాజుగారు

చేపలు పట్టడం మీద పుస్తకం అనగానే అందరూ 1653లో ఐజాక్ వాల్టన్ రాసిన ‘కంప్లీట్ యాంగ్లర్’ పేరే చెప్తారు. దానికి 500 ఏళ్ళ ముందే బసవకల్యాణ్ నుంచి ఏలిన చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు ‘మానసోల్లాసం’లో ‘మత్స్యవినోదం’ అని ఒక అధ్యాయమే పెట్టాడు. 35 రకాల చేపలు, దేనికి ఏ మేత, గాలపు కర్ర, దారం... అన్నీ ఉన్నాయందులో. 1951లో సుందర్‌లాల్ హోరా అనే శాస్త్రవేత్త దాని మీద వ్యాసం రాశారు.

అసలు కిటుకంతా మేతలోనే ఉంది. వాలుగ, జెల్ల లాంటి మీసాల చేపలు చూపు కన్నా వాసన, రుచితోనే తిండి వెతుక్కుంటాయి. అందుకే ఎరకి ఘాటు వాసన ఉండాలి. చలికాలంలో వాటి అరుగుదల మందగిస్తుంది కాబట్టి చిన్న ఎర, లోతు నీళ్ళు, బోలెడు ఓపిక కావాలి. మారింది ముడులే. 1930ల చివర్లో నైలాన్ వచ్చింది. అది నున్నగా జారుతుంది, పాత ముడి నిలవదు. కొత్త ముడులు నేర్చుకోవాలి, బిగించే ముందు తడపాలి.

అలాగని “అన్నీ మనవాళ్ళకి ముందే తెలుసు” అని చంకలు గుద్దుకోనక్కర్లేదు. ఏ చేప ఏం తింటుందో రాజుగారే నీళ్ళలో దిగి కనుక్కున్నారంటారా? జాలర్లే చెప్పుంటారని నా నమ్మకం. వాళ్ళ పేర్లు మాత్రం మనదాకా రాలేదు. కోడ్ ఒకరిది, పేరు ఇంకొకరిది అన్నమాట!