పీళమేడుకు ఓడల కరువు

కోయంబత్తూరు పీళమేడు నుంచి తూత్తుకుడి రేవు దాదాపు 350 కిలోమీటర్లు. ఇక్కడికి సముద్రపు గాలి సోకదు. అయినా 2020 చివర్లో ఈ చుట్టుపక్కల నూలు మిల్లుల్లో ఎవరిని కదిపినా ఒకటే మాట: కంటైనర్ దొరికిందా?

ఈ మిల్లుల కథ పాతది. నాయక రాజుల కాలంలోనూ ఆ తర్వాతా తెలుగు నేల నుంచి వచ్చినవాళ్ళు మదురై, కోయంబత్తూరు సీమల్లో స్థిరపడి, నల్లరేగడిలో పత్తి పండించారు. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్ పెట్టారు. 1930లలో పైకారా జలవిద్యుత్తు అందాక మిల్లులు వరసకట్టాయి. ఇంట్లో తెలుగు, మిల్లులో తమిళం, ఎగుమతి బిల్లులో ఇంగ్లీషు.

మహమ్మారులు ఈ ఊరికి కొత్త కాదు. 1896లో బొంబాయి రేవులో మొదలైన ప్లేగు ఇక్కడిదాకా పాకింది. ప్లేగు మారియమ్మన్ గుళ్ళు నేటికీ ఉన్నాయి. 2021లో ఇరుగూరు దగ్గర కరోనా దేవి విగ్రహమూ వెలిసింది.

కానీ కోవిడ్ కొట్టిన దెబ్బ విచిత్రమైనది. 2020 మార్చి లాక్‌డౌన్‌తో మిల్లులు మూతపడ్డాయి, వలస కార్మికులు సొంతూళ్ళ దారి పట్టారు. ఆ ఏడాది ప్రపంచ సముద్ర వాణిజ్యం 3.8 శాతం తగ్గింది. తీరా మిల్లులు తెరుచుకుని, ఆర్డర్లు వచ్చేసరికి సరుకు పంపడానికి ఖాళీ కంటైనర్ పెట్టెలు లేవు. అమెరికా, యూరప్ రేవుల్లో రద్దీలో చిక్కుకున్నవి వెనక్కి రాలేదు. అట్టపెట్టెల్లో సర్దిన నూలు కోన్‌లు గోడౌన్‌లో కప్పుదాకా పేరుకున్నాయి. పత్తి కొనడానికి తెచ్చిన బ్యాంకు అప్పుకు వడ్డీ మాత్రం ఆగలేదు.

తూత్తుకుడికి మరో చిక్కు. పెద్ద ఓడలు ఆ రేవుకు వచ్చేది తక్కువ. చిన్న ఫీడర్ ఓడలు పెట్టెల్ని కొలంబో చేర్చితే అక్కడ పెద్ద ఓడకెక్కాలి. 2020 అక్టోబరులో కొలంబో రేవు కార్మికులకు వైరస్ సోకి అక్కడ పని మందగించింది. ఇక్కడి లారీ ఎంత వేగంగా మదురై దాటితే ఏం లాభం? 1906లో వి.ఓ. చిదంబరం పిళ్ళై తెల్లవాళ్ళ కంపెనీకి పోటీగా స్వదేశీ ఓడలు నడిపింది సరిగ్గా ఈ తూత్తుకుడి-కొలంబో దారిలోనే. తెల్లవాళ్ళు ఆ మనిషిని ఖైదు చేసి గానుగ తిప్పించింది మన కోయంబత్తూరు జైల్లోనే. 2011 నుంచి తూత్తుకుడి రేవుకు ఆయన పేరే.

కిరాయిల సంగతి సరేసరి. ఓడ రవాణా విశ్లేషణ సంస్థ డ్రూరీ సూచీ ప్రకారం 40 అడుగుల పెట్టె కిరాయి 2019లో సగటున 1,420 డాలర్లు. 2021 సెప్టెంబరులో 10,377. ఆసియా, యూరప్, అమెరికాల మధ్య పెద్ద దారుల లెక్క అది, మన రేవుది కాదు. పోటు మాత్రం ఇక్కడా తగిలింది. కిరాయి తానే భరిస్తానని ముందే ధర కుదుర్చుకున్న మిల్లుదారుకు లాభం నీళ్ళపాలు. కొనుగోలుదారు భరించే ఒప్పందమైతే అతను సరుకు ఇప్పుడే వద్దనేవాడు.

2023 మొదటికల్లా అదే సూచీ 2,000 డాలర్ల దరిదాపులకు దిగింది, పెట్టెలూ దొరికాయి. అప్పటికి విదేశాల్లో గిరాకీ పడిపోయింది. ఆ జులైలో కోయంబత్తూరు చుట్టుపక్కల చిన్న నూలు మిల్లుల సంఘాలు ఉత్పత్తి ఆపేస్తున్నట్టు ప్రకటించాయి.