డ్రమ్ముల కాలం నాటి పాల్వంచ

మా పాల్వంచలోని కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్)లో పెద్ద బాయిలర్ నేల మీద కూర్చోదు, వేలాడుతుంది. పైనున్న ఉక్కు దూలాలకు రాడ్లతో కట్టి దింపుతారు. నిప్పు అందుకున్నాక అది జానెడు దాకా కిందికి సాగుతుంది మరి.

కిన్నెరసాని నీళ్లు, సింగరేణి బొగ్గు పక్కపక్కనే దొరకబట్టి 1966లో 60 మెగావాట్ల మొదటి యూనిట్ ఇక్కడికొచ్చింది. తర్వాత 120, 250, 500 మెగావాట్లవి. అన్నింట్లోనూ పెత్తనం డ్రమ్ముదే. కొలిమి గోడల నిండా గొట్టాలు; వాటిలో మరిగిన నీరు పైన డ్రమ్ములోకి చేరుతుంది. అక్కడ ఆవిరి విడిపోయి సూపర్‌హీటర్‌కు పోతుంది, నీరు మళ్లీ కిందికి దిగుతుంది. డ్రమ్ములో మట్టం పడిపోతే గొట్టాలు కాలిపోతాయి. ఎక్కువైతే నీటి తుంపరలు ఆవిరితో పోయి టర్బైన్ రెక్కలను దెబ్బతీస్తాయి. కంట్రోల్ రూమ్‌లో టీ తాగుతున్నా కళ్లు డ్రమ్ లెవెల్ మీదే ఉండాలి.

ఇక ట్యూబ్ లీక్ అంటే షిఫ్టు మొత్తానికీ గుండెదడే. సన్నటి చిల్లిలోంచి తన్నుకొచ్చే ఆవిరి పక్క గొట్టాలను కూడా కోసేస్తుంది. బాయిలర్ ఆపి, చల్లారేదాకా ఆగి, అప్పుడు లోపలికి దిగి వెల్డింగ్ చేయాలి.

కొత్త యూనిట్ వచ్చినప్పుడల్లా ఊరికి వినబడేది స్టీమ్ బ్లోయింగ్. పైపుల్లో మిగిలిన తుక్కు టర్బైన్‌కు చేరకుండా ఆవిరిని బయటికి ఊదేస్తారు. దారిలో నున్నటి లోహపు పలక పెట్టి, దాని మీద పడ్డ గాట్లు లెక్కపెడతారు. గాట్లు తగ్గేదాకా ఆ హోరు తప్పదు.

2024 ఆగస్టులో, మూతపడ్డ పాత యూనిట్ల కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ పేల్చి కూల్చారు. ఊరంతా ఫోన్లలో తీసుకుంది. టవర్లు చేసింది నీళ్లు చల్లార్చడమే. అసలు చాకిరీ చేసిన బాయిలర్లకు వీడ్కోలు చెప్పినవాళ్లు లేరు. నాకది అన్యాయమే అనిపిస్తుంది.

2018లో వచ్చిన 800 మెగావాట్ల ఏడో దశ యూనిట్‌కు అసలు డ్రమ్మే లేదు. దానిలో పీడనం 221 బార్లు దాటుతుంది; అది దాటాక నీరు బుడగలెత్తి మరగడమంటూ ఉండదు. వేడెక్కుతూ నేరుగా ఆవిరి గుణంలోకి మారుతుంది. రాజేసేటప్పుడు మాత్రం నీటినీ ఆవిరినీ విడదీయడానికి నిలువు సెపరేటర్లు కావాలి. లోడ్ పెరిగాక వాటికి పనుండదు. డ్రమ్ములో ఉండే నిల్వ ఇక్కడ లేదు కాబట్టి, లోపలికి పోయే నీటికీ మండే బొగ్గుకూ పొంతన తప్పకుండా చూసుకోవడమే ఇప్పుడు ఆపరేటర్ పని.