డైనమో నుంచి ఆల్టర్నేటర్ దాకా: గుంటూరు–ప్రకాశం తీరంలో మరబోటు 'రిలే' – ఒక వృత్తిపద చరిత్ర

వ్యాససంగ్రహం

గుంటూరు, ప్రకాశం జిల్లాలు అనగానే పత్తి, మిరప గుర్తుకు వస్తాయి. ఆ మైదానానికి తూర్పు అంచున నిజాంపట్నం, సూర్యలంక, వాడరేవు, కొత్తపట్నం వంటి మత్స్యకార తీరాలున్నాయి. తెరచాప స్థానంలో యంత్రం వచ్చిన తరువాత ఈ తీరానికి కొత్త పనిముట్లతో పాటు కొత్త పదాలూ వచ్చాయి. బోటులోని బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ వ్యవస్థలో చెడిపోయిన రిలేను మార్చడం వాటిలో ఒక చిన్న పని. ఆ పని చుట్టూ ఉన్న 'డైనమో', 'కటౌట్', 'రిలే' అనే పదాల చరిత్రను పరిశీలించి, మెకానిక్కుల వాడుకను తప్పుగా కాక పని చరిత్రకు సాక్ష్యంగా చూడాలని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: మరబోటు, ఆల్టర్నేటర్, రిలే, కటౌట్, వృత్తిపదాలు, నిజాంపట్నం.

1. ప్రవేశిక

ఈ వ్యాసంలో 'గుంటూరు–ప్రకాశం తీరం' అన్నది పాత జిల్లాల హద్దులను బట్టి చెప్పిన మాట. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనతో నిజాంపట్నం, సూర్యలంక, వాడరేవు బాపట్ల జిల్లాలో చేరాయి. పాలనా హద్దులు మారినా, తీరానికీ మైదానానికీ మధ్య ఉన్న పనిపాటల సంబంధం మారలేదు. మిరప బస్తాలు మోసే లారీకీ, సముద్రంలోకి వెళ్లే మరబోటుకూ విద్యుత్ వ్యవస్థ ఒకే తీరుగా ఉంటుంది. ఈ పోలికే మన చర్చకు ఆధారం.

2. తెరచాప నుంచి యంత్రానికి

ఈ ప్రాంతంలో పడవకు చాలాకాలం గాలి, మనిషి కండబలమే ఆధారం. ప్రకాశం జిల్లా పెదగంజాం దగ్గర మొదలై దక్షిణానికి సాగే బకింగ్‌హామ్ కాలువకు 1878లో ఆ పేరు స్థిరపడింది. 1876–78 నాటి కరువు పనుల్లో భాగంగా ఆ కాలువలో కొంత పని జరిగింది. కొమ్మమూరు కాలువ దానిని కృష్ణా డెల్టాతో కలిపింది. ఉప్పు, ధాన్యం మోసిన ఆ కాలువ పడవలను తెరచాపతో నడిపేవారు, గడలతో తోసేవారు, లేదా గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. వాటిలో విద్యుత్తు ప్రసక్తి లేదు.

సముద్రం మీద యంత్రాల ప్రవేశం స్వాతంత్ర్యానంతర పరిణామం. 1979లో మద్రాసు కేంద్రంగా ప్రారంభమైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్, ఒడ్డు మీదకు చేర్చగల యంత్రపు పడవల మీద ఆంధ్ర తీరంలో ప్రయోగాలు చేసింది. ఏడవ పంచవర్ష ప్రణాళిక కాలంలో (1985–90) సంప్రదాయ పడవలకు మోటార్లు అమర్చుకోవడానికి కేంద్ర పథకం కింద రాయితీ లభించింది.

ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. తాడు లాగి, లేదా హ్యాండిల్ తిప్పి యంత్రాన్ని నడిపే చిన్న పడవకు బ్యాటరీ తప్పనిసరి కాదు. రోజుల తరబడి సముద్రంలో ఉండే పెద్ద మరబోటు సంగతి వేరు. యంత్రం ప్రారంభం కావడానికి, రాత్రి దీపాలకు, వైర్‌లెస్‌కు, జీపీఎస్‌కు బ్యాటరీయే మూలం. రిలే అవసరం ఇటువంటి బోటులో ఏర్పడింది.

3. మైదానం నేర్పిన పని

మరబోట్లలో వాడే డీజిల్ యంత్రాలలో చాలావరకు లారీ యంత్రాల నుంచి రూపొందినవే. కాబట్టి వాటి ఆల్టర్నేటర్, సెల్ఫ్ మోటారు కూడా లారీ వాటిని పోలి ఉంటాయి. పత్తి, మిరప రవాణా మీద ఎదిగిన గుంటూరు, చిలకలూరిపేట వంటి పట్టణాలలో లారీలకు, ట్రాక్టర్లకు మరమ్మతు చేసే పనివారి వర్గం ఏర్పడింది. 'సెల్ఫ్–డైనమో వర్క్స్' అన్న తరహా బోర్డు మన రహదారుల పక్కన నేటికీ పరిచితమే. అక్కడ పుట్టిన పదజాలమే బోటు యంత్రాలకూ వర్తిస్తుంది. తీరానికి వల, చుక్కాని, తెరచాప అనే పదాలు పూర్వీకుల నుంచి వచ్చాయి. విద్యుత్ పదాలు మాత్రం రోడ్డు మీద నుంచి వచ్చాయి.

ఆ బోర్డు మీద 'డైనమో' అనే మాట నిలిచి ఉండడం గమనార్హం. మద్రాసులో 1961లో లూకాస్–టీవీఎస్ సంస్థ ఏర్పడిన నాటికి వాహనాలలో డైనమోదే రాజ్యం. అంతకు ఏడాది ముందే అమెరికాలో క్రైస్లర్ సంస్థ తన వేలియంట్ కారులో ఆల్టర్నేటర్‌ను ప్రవేశపెట్టింది. క్రమంగా మన వాహనాలలోనూ ఆల్టర్నేటరే వచ్చింది. వస్తువు మారినా షెడ్డులో పేరు మారలేదు.

4. కటౌట్, రిలే: పదాల ప్రయాణం

డైనమోలో ఒక ఇబ్బంది ఉంది. యంత్రం నెమ్మదించి డైనమో ఒత్తిడి బ్యాటరీ కంటే తగ్గితే, కరెంటు వెనక్కి ప్రవహించి బ్యాటరీ ఖాళీ అవుతుంది. దీనిని ఆపడానికి డైనమోకూ బ్యాటరీకీ మధ్య ఒక విద్యుదయస్కాంతపు మీటను అమర్చారు. ఒత్తిడి పెరిగినప్పుడు అది కలుపుతుంది, తగ్గినప్పుడు తెంచుతుంది. తెంచే పనిని బట్టి దానికి 'కటౌట్' అని పేరు. తెలుగు సమాజానికి కటౌట్ అంటే సినిమాహాలు ముందు నిలిపే నాయకుడి నిలువెత్తు బొమ్మ. మెకానిక్కుకు అది అరచేతిలో ఇమిడే పెట్టె.

ఆల్టర్నేటర్‌లో డయోడ్లు కరెంటును ఒక దిశలోనే పోనిస్తాయి. కాబట్టి పాత కటౌట్ అవసరం తీరిపోయింది. అయినా ఛార్జింగును అదుపు చేసే పెట్టెను కటౌట్ అని పిలిచే అలవాటు పోలేదు.

'రిలే' పదానిది మరింత దీర్ఘమైన ప్రయాణం. ఫ్రెంచి మూలంలో అది అలసిన వేటకుక్కలు, గుర్రాల స్థానంలో తాజావాటిని అందించడాన్ని సూచించేది. 19వ శతాబ్దంలో టెలిగ్రాఫ్ తీగలో దూరం వెళ్లి బలహీనపడిన కరెంటు, ఒక విద్యుదయస్కాంతాన్ని కదిలించి మరో తాజా బ్యాటరీని కలిపే ఏర్పాటుకు ఆ పేరు వచ్చింది. అలసిన తపాలా బంట్రోతు నుంచి మరొకరు సంచి అందుకునే చోటును తెలుగులో 'అంచె' అన్నాం. 'అంచెలంచెలుగా' అనే ప్రయోగంలో ఆ భావం నేటికీ ఉంది. అయితే విద్యుత్ పరికరానికి 'అంచె' రాలేదు, 'రిలే'యే స్థిరపడింది. రిలే పరుగు, రిలే కేంద్రం, రిలే నిరాహార దీక్ష అన్నీ ఒక్క భావానికి శాఖలే.

5. రిలే మార్చే పద్ధతి

రెండు బ్యాటరీలున్న బోటును ఉదాహరణగా తీసుకుందాం. మొదటిది యంత్రాన్ని ప్రారంభించడానికి. రెండవది దీపాలకు, వైర్‌లెస్‌కు. ఆల్టర్నేటర్ మొదటి బ్యాటరీని నేరుగా నింపుతుంది. యంత్రం నడుస్తున్నప్పుడు రిలే రెండవదాన్ని కలుపుతుంది, ఆగినప్పుడు విడదీస్తుంది.

ఈ రిలే రెండు విధాలుగా చెడుతుంది. కలపడం మానేస్తే రేవులో యంత్రం చక్కగానే ప్రారంభమవుతుంది. నడిసముద్రంలో దీపాలు మసకబారి, వైర్‌లెస్ మూగబోతుంది. లోపలి మొనలు కాలి అతుక్కుపోతే, రాత్రంతా వెలిగిన దీపాలు మొదటి బ్యాటరీని కూడా ఖాళీ చేస్తాయి. తెల్లవారి యంత్రం ప్రారంభం కాదు. రెండింటిలోనూ సరంగు మొదట అనుమానించేది బ్యాటరీనే. దాంతో మంచి బ్యాటరీని తీసివేసే ప్రమాదం ఉంది.

నిర్ధారణ కష్టం కాదు. 12 వోల్టుల వ్యవస్థలో నిండిన బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు, ఛార్జింగులో 13.8 నుంచి 14.4 వోల్టులు చూపుతుంది. యంత్రం నడుస్తుండగా మొదటి బ్యాటరీ 14 చూపి, రెండవది 12.3 దగ్గరే ఆగితే, లోపం మధ్యనున్న ఫ్యూజు, వైరు లేదా రిలేలో ఉంది. సాధారణ నాలుగు కాళ్ల రిలేలో 85, 86 కాళ్లు తీగచుట్టవి. 30, 87 కాళ్లు కరెంటు దారివి. తీగచుట్టకు కరెంటు అంది 'టిక్కు'మని చప్పుడు వచ్చినంత మాత్రాన రిలే బాగున్నట్లు కాదు. ఉప్పుగాలికి మొనలు పాడైతే చప్పుడు వస్తుంది, కరెంటు దాటదు. అందుకే 30, 87 మధ్య వోల్టేజీ తేడా చూడాలి. బాగున్న రిలేలో అది దాదాపు సున్నా.

మార్చేటప్పుడు యంత్రాన్ని ఆపి, బ్యాటరీల నెగటివ్ తీగలను ముందుగా విప్పాలి. నడుస్తున్న ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీని విడదీస్తే డయోడ్లు పాడవుతాయి. ఏ వైరు ఏ కాలిదో గుర్తు పెట్టుకొని, అదే వోల్టేజీ, అంతే లేదా అంతకు మించిన ఆంపియర్ల రిలేను బిగించాలి. వైరు కొసల చిలుము తుడవకపోతే కొత్త రిలే కూడా త్వరలోనే వేడెక్కుతుంది.

ఇప్పుడు పద చర్చకు తిరిగి వద్దాం. రెండు బ్యాటరీల మధ్య ఈ రిలే చేసే పని ఏమిటి? ఛార్జింగు ఉన్నప్పుడు కలపడం, లేనప్పుడు తెంచడం. డైనమో కాలపు కటౌట్ పనీ అదే. కాబట్టి దీనిని ఎవరైనా 'కటౌట్' అంటే అది అజ్ఞానం కాదు. పనిని బట్టి పెట్టిన పేరు కొనసాగడం. 'రిలే' నిర్మాణాన్ని చెబుతుంది, 'కటౌట్' ప్రయోజనాన్ని చెబుతుంది.

6. పదకోశంలోని ఖాళీ

ఒంగోలులో జన్మించిన భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వెలువడ్డాయి. పనివారి నోటి మాటకు శాస్త్రగౌరవం కల్పించిన మహత్కార్యమది. అయితే నాగలికీ మగ్గానికీ దక్కిన ఆ శ్రద్ధ సెల్ఫ్–డైనమో షెడ్డుకు దక్కలేదు. అక్కడి మాటలు ఆంగ్లం నుంచి వచ్చినవి కనుక తెలుగు కావన్న భావన దీనికి ఒక కారణం కావచ్చు. కానీ 'కటౌట్' అర్థపరిణామం ఆంగ్ల నిఘంటువులో దొరకదు. అది ఇక్కడి షెడ్డులోనే జరిగింది.

7. ముగింపు

2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో ప్రారంభమైన జాతీయ పథకం, రూ. 364 కోట్లతో లక్ష మత్స్యకార బోట్లకు ట్రాన్స్‌పాండర్లు అమర్చడానికి ఉద్దేశించింది. ఇటువంటి సాధనాలు పెరిగేకొద్దీ బోటు బ్యాటరీ మీద, దాన్ని నింపే వ్యవస్థ మీద ఆధారపడడం పెరుగుతుంది. వాటి వినియోగ సూచనలను తెలుగులో రాసేవారు 'రిలే' అని మాత్రమే రాస్తే, దానిని 'కటౌట్'గా ఎరిగిన పనివాడికి అవి పూర్తిగా అందకపోవచ్చు. తుఫాను హెచ్చరిక వినవలసిన రాత్రి వైర్‌లెస్ పలకడం ఒక మాట సరిగా అర్థం కావడం మీద ఆధారపడవచ్చు. కాబట్టి తీరంలోనూ మైదానంలోనూ మరమ్మతు షెడ్డుల పదజాలాన్ని, పాత డైనమోను విప్పిన తరం ఉండగానే సేకరించడం తెలుగు పరిశోధకుల ముందున్న కర్తవ్యం.