అల్లిక గాలపు దారం

అల్లిక గాలపు దారం అనగా నాలుగు గాని, ఎనిమిది గాని, అంతకు మించి గాని సన్నని పేటలను జడవలె అల్లి తయారు చేసిన, చేపల వేటకు ఉపయోగించే దారం. ఒకే పోగుగా ఉండే నైలాన్ దారం కంటెను, పురి పెట్టిన దారం కంటెను ఇది భిన్నమైనది. ఒకే బలానికి దీని మందం చాలా తక్కువ. అయితే అన్ని నీళ్ళకూ, అన్ని చేపలకూ తగిన అల్లిక దారం ఒక్కటి లేదు. వేట స్థలం, నీటి అడుగు, చేప స్వభావం, వేటాడే పద్ధతి అనే నాలుగింటిని బట్టి దారాన్ని ఎంచుకోవలసి ఉంటుంది. కృష్ణా జిల్లా కోడూరు మండలంలోని హంసలదీవి పరిసరాలలో ఇసుక తీరం, మడ అడవుల పాయలు, బహిరంగ సముద్రం దగ్గర దగ్గరగా ఉండటం వల్ల ఈ తేడాలు అక్కడ స్పష్టంగా కనిపిస్తాయి.

చరిత్ర

పూర్వం గాలాలకు, వలలకు నూలు, జనపనార వంటి సహజ నారలను వాడేవారు. ఇవి నీటిలో త్వరగా కుళ్ళిపోతాయి. అందుచేత చెట్ల బెరడు కషాయంలో నానబెట్టి ఆరవేసేవారు. 1935లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో వాలెస్ కరోథర్స్ నైలాన్‌ను కనుగొన్న తరువాత పరిస్థితి మారింది. భారతదేశంలో కృత్రిమ దారాల పరిశోధనకు 1957లో కొచ్చిలో ఏర్పడిన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తోడ్పడింది. నేటి గాలపు దారాలలో ఎక్కువగా కనిపించే అతి దీర్ఘ అణువుల పాలిథిలీన్‌ను జెల్ నుండి పోగుగా లాగే పద్ధతి 1979లో నెదర్లాండ్స్‌లోని డిఎస్ఎం సంస్థలో రూపొందింది. 1990లో డైనీమా అనే పేరుతో దాని వాణిజ్య ఉత్పత్తి మొదలైంది. అమెరికాలో తయారయ్యే స్పెక్ట్రా కూడా ఇదే పదార్థం.

నిర్మాణం

పురి పెట్టిన దారంలో పేటలన్నీ ఒకే దిశలో మెలి తిరిగి ఉంటాయి. భారం పడినప్పుడు ఆ మెలి విప్పుకొనుటకు ప్రయత్నిస్తుంది. అల్లిక దారంలో సగం పేటలు కుడివైపుకు, సగం ఎడమవైపుకు తిరుగుతాయి. రెండు మెలికలు ఒకదానినొకటి సరిచేసుకొనుట వలన దారం తనంతట తాను చుట్టలు పడదు.

నాలుగు పేటల దారంలో ఒక్కొక్క పేట లావుగా ఉంటుంది. ఉపరితలం కొంత గరుకు. రాపిడికి ఒక పోగు తెగినా పేట వెంటనే తెగిపోదు. ధర కూడా తక్కువ. ఎనిమిది పేటల దారం గుండ్రంగా, నునుపుగా ఉండి గాలాన్ని దూరం విసరడానికి అనువుగా ఉంటుంది. కాని పేటలు సన్ననివి కనుక గరుకు వస్తువులకు తగిలినప్పుడు త్వరగా దెబ్బతింటుంది.

ముడి పదార్థాలు

* పాలిథిలీన్ (డైనీమా, స్పెక్ట్రా): సాంద్రత సుమారు 0.97. నీటిపై తేలుతుంది, నీటిని పీల్చదు. సాగుదల కొద్ది శాతం మాత్రమే. సుమారు 145 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది.
* నైలాన్: సాంద్రత 1.14. నీటిలో మునుగుతుంది. తడిసినప్పుడు బలం కొంత తగ్గుతుంది. బాగా సాగుతుంది. ఎండకు క్రమంగా పెళుసెక్కుతుంది.
* పాలియెస్టర్: సాంద్రత 1.38. త్వరగా మునుగుతుంది. నైలాన్ కంటె తక్కువ సాగుతుంది, ఎండను బాగా తట్టుకుంటుంది.

మచిలీపట్నం వద్ద గిలకలదిండి రేవు వంటి చోట్ల మరపడవలు లాగే ట్రాల్ వలలకు వాడేది సాధారణ అధిక సాంద్రత పాలిథిలీన్ దారం. పేరులో పోలిక ఉన్నా అది గాలపు దారం కాదు. దాని బలం చాలా తక్కువ.

కొలతలు

9,000 మీటర్ల దారం బరువును గ్రాములలో చెప్పిన దానిని డెనియర్ అంటారు. 210/2/3 అని రాసిన వల దారంలో 210 డెనియర్ నూలు రెండేసి చొప్పున మూడు పేటలు ఉంటాయి. మొత్తం 1,260 డెనియర్. అల్లిక గాలపు దారాలపై జపాను పద్ధతిలో పిఇ 1, పిఇ 2, పిఇ 3 అనే అంకెలు ఉంటాయి. పిఇ 1 అనగా సుమారు 200 డెనియర్. తెగే బలాన్ని పౌండ్లలో ముద్రిస్తారు. 30 పౌండ్లు అనగా సుమారు 13.6 కిలోలు. ఈ బలం ముడి లేని దారానిది. ముడి సరిగా పడకపోతే అది సగానికి కూడా తగ్గవచ్చు. కనుక డబ్బా మీది అంకెను మాత్రమే చూసి దారాన్ని కొనరాదు.

స్థలాన్ని బట్టి ఎంపిక

* సాగరసంగమం: హంసలదీవి వద్ద కృష్ణానది పాయ బంగాళాఖాతంలో కలిసే చోట ఆటుపోట్ల ప్రవాహం బలంగా ఉంటుంది. సన్నని దారాన్ని ప్రవాహం తక్కువగా లాగుతుంది కనుక తేలికైన సీసపు గుండు సరిపోతుంది. ఒడ్డు నుండి దూరం విసరడానికి ఎనిమిది పేటల దారం మంచిది. అయితే దారం ఇసుకలో దొర్లే చోట నాలుగు పేటల దారం ఎక్కువ కాలం మన్నుతుంది.
* మడ అడవుల పాయలు: నాగాయలంక, కోడూరు ప్రాంతాల పాయలలో మడ చెట్ల వేళ్ళు, వాటికి అంటుకున్న ఆలిచిప్పలు అల్లిక దారాన్ని కత్తివలె కోస్తాయి. ఇక్కడ నాలుగు పేటల లావు దారానికి చివర నైలాన్ మొన దారం కట్టుట అవసరం. పండుగొప్ప చేప మొప్పల మూత అంచులు పదునైనవి. దాని వేటలో 0.6 మిల్లీమీటర్లు లేదా అంతకు మించిన మొన దారం వాడతారు.
* గుడివాడ ప్రాంతపు కాలువలు: గుర్రపుడెక్క, నాచు పెరిగిన మంచినీటిలో కొరమీను వేటకు సాగని దారం కావాలి. సాగే దారమైతే చేప మొక్కల కింద దూరుతుంది. అల్లిక దారం మెత్తని కాడలను కోసుకుంటూ రాగలదు.
* పడవ వేట: వంజరం పళ్ళు చాలా పదునైనవి. ఏ అల్లిక దారమైనా ఆ పళ్ళకు ఆగదు. కొక్కెం దగ్గర లోహపు తీగ కట్టాలి.
* చేతి గాలం: రీలు లేకుండా చేతితో లాగేవారికి సన్నని అల్లిక దారం ప్రమాదకరం. పెద్ద చేప ఒక్కసారిగా లాగితే వేళ్ళు తెగుతాయి. వీరికి లావైన నైలాన్ దారమే తగినది.

ముడులు, రీలు

పాలిథిలీన్ జారుడు గుణం కలది. నైలాన్‌కు వేసే సాధారణ ముడులు దీనిపై జారిపోతాయి. కొక్కేనికి పాలోమార్ ముడి, మొన దారం కలపడానికి ఎఫ్‌జీ ముడి వాడుకలో ఉన్నాయి. బిగించే ముందు ముడిని తడపాలి. లేనిచో రాపిడి వేడికి పోగులు దెబ్బతింటాయి. రీలుపై ముందుగా కొద్దిగా నైలాన్ దారం చుట్టి, దానిపై అల్లిక దారం చుట్టాలి. లేకపోతే మొత్తం చుట్ట జారి తిరుగుతుంది. దారం సాగదు కనుక రీలు పట్టును దారం బలంలో మూడవ వంతుకు మించనీయరాదు. 30 పౌండ్ల దారానికి ఇది సుమారు 4.5 కిలోలు.

నకిలీ దారాన్ని గుర్తించుట

నైలాన్ లేదా పాలియెస్టర్ అల్లికను పాలిథిలీన్ అని అమ్మితే సులభంగా కనిపెట్టవచ్చు. చిన్న ముక్కను కోసి, ఒక చుక్క సబ్బు కలిపిన మంచినీటిలో వేసి, గాలి బుడగలు పోయేవరకు వేళ్ళతో నలపాలి. పాలిథిలీన్ తేలుతుంది, మిగిలిన రెండూ మునుగుతాయి. రంగు వెలియుట మాత్రం నకిలీకి గుర్తు కాదు. పాలిథిలీన్‌కు రంగు లోపలికి పట్టదు కనుక అసలు దారం కూడా వెలుస్తుంది.

జాగ్రత్తలు, పర్యావరణం

ఉప్పునీటి వేట తరువాత దారాన్ని మంచినీటితో కడిగి నీడలో ఆరబెట్టాలి. చివరి కొన్ని మీటర్లలో పోగులు లేచి నూగువలె కనిపిస్తే ఆ భాగాన్ని కోసివేయాలి. కొక్కెం అడుగున చిక్కుకొన్నప్పుడు దారాన్ని చేతికి చుట్టుకొని లాగరాదు. కర్రకు చుట్టి లాగాలి.

నూలు దారం కుళ్ళిపోయేది. నైలాన్, పాలిథిలీన్ దారాలు ఏళ్ళ తరబడి నీటిలో చెక్కుచెదరక ఉంటాయి. హంసలదీవి, పాలకాయతిప్ప తీరాలకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వదిలివేసిన దారం తాబేళ్ళ రెక్కలకు, పక్షుల కాళ్ళకు చుట్టుకొని వాటిని చంపగలదు. అందుచేత తెగిన ముక్కలను ఒడ్డున పారవేయక వెంట తీసుకొనిపోవలెను. తెగని దారాన్ని ఎంచుకొనుట వేటగానికి ఖర్చు తగ్గించడమే కాక, ఈ నష్టాన్ని కూడా తగ్గిస్తుంది.

ఇవి కూడా చూడండి

* హంసలదీవి
* దివిసీమ
* మచిలీపట్నం
* పండుగొప్ప
* మడ అడవులు
* నైలాన్