ఆరుగురు అమ్మాయిలు, ఒక చిన్న గది: హాథార్న్ కార్ఖానా కథ

ఈ వారం చరిత్ర ప్రసంగానికి నేను ఎంచుకున్న విషయం పనిచేసేచోట మనశ్శాంతి. ఇదేం చరిత్ర, ఇది ఏ యోగా మాస్టారో, సైకాలజిస్టో చెప్పవలసిన విషయం కదా అని మీరు అనుకోవచ్చు. కానీ దీనికి నిజంగానే ఒక చరిత్ర ఉంది. అందులో ముఖ్యమైన ఘట్టం జరిగింది మా షికాగో పక్కనే.

మనలో చాలామందికి ఏడాదికొకసారి ఆఫీసు నించి ఒక సర్వే వస్తుంది. మీ పనిలో మీకు తృప్తి ఉందా, మీ మాట పైవాళ్ళు వింటున్నారా అని అడుగుతారు. ఒకటి నించి అయిదు దాకా ఏదో ఒక అంకె నొక్కి పంపించేస్తాం. ఆ తరవాత దాని సంగతి మనకూ గుర్తుండదు, చాలాసార్లు వాళ్ళకీ గుర్తుండదు. "నీకు ఎలా ఉంది?" అని ఒక పెద్ద కంపెనీ తన దగ్గర పనిచేసేవాళ్ళని వేల సంఖ్యలో, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగిన చోటు షికాగోకి ఆనుకుని ఉన్న సిసిరో అనే ఊరు. ఆ కార్ఖానా పేరు హాథార్న్ వర్క్స్.

1905 ప్రాంతంలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ దీన్ని కట్టింది. వెస్టర్న్ ఎలక్ట్రిక్ అంటే ఏటీ అండ్ టీకి టెలిఫోన్ సామాను తయారుచేసిపెట్టే కంపెనీ. బెల్ ల్యాబ్స్‌లో సగం వాటా కూడా దానిదే. తరవాతి కాలంలో నేపర్‌విల్ దగ్గర ఇండియన్ హిల్‌లో ఉన్న బెల్ ల్యాబ్స్‌లో మన తెలుగు ఇంజనీర్లు ఎంతోమంది పనిచేశారు. కాబట్టి ఇది మనకి మరీ పరాయి కథేమీ కాదు.

1920లలో హాథార్న్‌లో సుమారు 40,000 మంది పనిచేసేవారు. చాలామంది వలస వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు. చెక్ వాళ్ళు, పోలండ్ వాళ్ళు ఎక్కువ. ఆ రోజుల లెక్కలో చూస్తే అది మంచి యజమానే. ఆస్పత్రి, సాయంత్రం బళ్ళు, ఆటస్థలాలు, పింఛను అన్నీ ఉండేవి. ఏటా వేసవిలో ఉద్యోగులందరికీ పిక్నిక్ కూడా ఉండేది. 1915 జూలై 24న ఆ పిక్నిక్‌కి బయలుదేరుతున్న ఈస్ట్‌లాండ్ అనే ఓడ షికాగో నదిలో, ఒడ్డున కట్టివేసి ఉండగానే పక్కకి ఒరిగి పడిపోయింది. 844 మంది చనిపోయారు. 22 కుటుంబాల్లో ఒక్క ప్రాణి కూడా మిగల్లేదు. సిసిరో వీధుల్లో ఎక్కడ చూసినా శవయాత్రలే. ఉద్యోగుల సంతోషం కోసం ఏర్పాటుచేసిన రోజు ఆ ఊరి చరిత్రలోకెల్లా దుర్దినం అయింది.

ఇక మనశ్శాంతి మీద పరిశోధన ఎలా మొదలైందో చూద్దాం. నిజానికి అది దీపాలతో మొదలైంది. వెలుతురు పెంచితే పని పెరుగుతుందా అన్నది ప్రశ్న. కరెంటు దీపాలు అమ్మే పరిశ్రమకి ఆ జవాబు మీద సహజంగానే ఆసక్తి ఉంది. 1924 నించి 1927 దాకా హాథార్న్‌లో ప్రయోగాలు చేశారు. వెలుతురు పెంచితే పని పెరిగింది. పెంచని గుంపులో కూడా పెరిగింది. చివరికి ఇద్దరు అమ్మాయిల్ని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, వెన్నెల పాటి వెలుగు మిగిలేదాకా తగ్గించుకుంటూ పోయారు. వాళ్ళు అప్పుడు కూడా చక్కగా పనిచేసుకుపోయారు. దాంతో, ఇక్కడ దీపం కాని ఇంకేదో పనిచేస్తోందని ఇంజనీర్లకి అర్థమైంది.

అదేమిటో కనుక్కోవటానికి 1927 ఏప్రిల్‌లో ఆరుగురు అమ్మాయిల్ని పెద్ద హాలులోంచి తీసి ఒక ప్రత్యేకమైన గదిలో పెట్టారు. అయిదుగురు టెలిఫోన్ రిలేలు బిగించేవాళ్ళు, ఆరో అమ్మాయి వాళ్ళకి సామాను అందించేది. రిలే అంటే అరచేతిలో పట్టే చిన్న పరికరం. సుమారు 35 ముక్కల్ని కూర్చి, స్క్రూలు బిగిస్తే ఒకటి తయారవుతుంది. దానికి పట్టే టైము ఒక నిమిషం. పొద్దున్నించి సాయంత్రం దాకా అదే పని, వారానికి 48 గంటలు, శనివారంతో కలిపి.

ఆ గదిలో ఒక్కొక్కటే మారుస్తూ వచ్చారు. రోజుకి రెండుసార్లు అయిదేసి నిమిషాల విరామం ఇచ్చారు. తరవాత పదేసి నిమిషాలు చేశారు. పొద్దున తినటానికి ఏదైనా పెట్టారు. అరగంట ముందు ఇంటికి పంపారు. కొన్నాళ్ళు శనివారం సెలవిచ్చారు. ఏ మార్పు చేసేముందైనా అమ్మాయిల్ని సూపరింటెండెంటు ఆఫీసుకి పిలిచి, మీరేమంటారు అని అడిగేవారు. నెత్తిన కూర్చునే ఫోర్‌మన్ లేడు. కబుర్లు చెప్పుకోవచ్చు. ఒకమ్మాయికి ఒంట్లో బాగోకపోతే మిగతావాళ్ళు జోరు పెంచి ఆ లోటు పూడ్చేవారు. సాయంత్రాలు ఒకరింటికి ఒకరు వెళ్ళేవారు.

పని పెరుగుతూ వచ్చింది. మనిషికి వారానికి సుమారు 2,400 రిలేలతో మొదలై, పోనుపోను 3,000 దాకా వెళ్ళింది. 1928లో ఒకసారి విరామాలు, చిరుతిండి, శనివారం సెలవు అన్నీ తీసేసి 12 వారాలపాటు మళ్ళీ పాత 48 గంటల పద్ధతి పెట్టారు. అప్పుడు కూడా వారం మొత్తం పని తగ్గలేదు, పెరిగింది.

ఆ సమయానికి ఈ కథలోకి హార్వర్డ్ నించి ఎల్టన్ మేయో వచ్చాడు. ఆస్ట్రేలియాలో పుట్టిన పండితుడు, గొప్ప వక్త. మనుషులకి కావలసింది డబ్బొక్కటే కాదు, తమని పట్టించుకుంటున్నారన్న భావన, నలుగురితో కలిసి ఉన్నామన్న తృప్తి అని ఆయన చెప్పాడు. ఆ మాట ప్రపంచమంతా పాకింది. ఈనాటికీ మేనేజ్‌మెంటు చదివే పిల్లలకి మొదటి పాఠాల్లోనే ఇది ఉంటుంది.

అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ పాఠంలో చెప్పకుండా వదిలేసే సంగతులు మూడున్నాయి.

మొదటిది జీతం. పెద్ద హాలులో సుమారు వందమంది చేసిన పనిని కలిపి లెక్కవేసి కూలి పంచేవారు. గదిలోకి వచ్చాక ఆ లెక్క తమ చిన్న గుంపుకే పరిమితమైంది. ఎక్కువ చేస్తే ఆ డబ్బు తమ చేతికే వస్తుంది. దీన్ని విడిగా పరీక్షించటానికి 1928లో ఇంకో అయిదుగురికి వేరే ఏ సౌకర్యమూ ఇవ్వకుండా కేవలం ఈ జీతం పద్ధతి మార్చి చూశారు. వాళ్ళ పని వెంటనే పన్నెండు శాతం పైగా పెరిగింది. పాత పద్ధతికి మార్చగానే తగ్గిపోయింది.

రెండోది, ఆ గదిలో మొదట ఉన్న అయిదుగురే చివరిదాకా ఉన్నారనుకుంటాం. కాదు. 1928 జనవరిలో ఇద్దరిని తీసేశారు. మరీ ఎక్కువగా మాట్లాడుతున్నారనీ, సహకరించటం లేదనీ కారణం చెప్పారు. వాళ్ళ బదులు చురుకైన ఇద్దరిని తెచ్చారు. అందులో ఒకమ్మాయికి ఇంటి బరువు నెత్తిన పడింది, డబ్బు అవసరం ఎక్కువ. ఆమే ఆ గుంపుకి నాయకురాలైంది. పని బాగా ఊపందుకున్నది ఆ తరవాతే.

మూడోది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. తీసేసిన ఇద్దరిలో ఒకమ్మాయికి రక్తహీనత ఉందని వైద్యపరీక్షలో తేలింది. ఆమె విసుగుకి అదే కారణం అయి ఉంటుందని మేయో వివరించాడు. కావచ్చు. కానీ చూడండి, మనిషి విసుక్కుంటే పనిలో ఏముంది అని కాకుండా మనిషిలో ఏముంది అని వెతకటం అక్కడ కనిపిస్తుంది. తరవాత జరిగిన కథంతా ఆ దారిలోనే నడిచింది.

1928లో కంపెనీ ఇంటర్వ్యూలు మొదలుపెట్టింది. 1930 దాకా సుమారు 21,000 మందిని కూర్చోబెట్టి మాట్లాడించారు. మొదట్లో ప్రశ్నల పట్టిక పెట్టుకుని అడిగేవారు. జనం ఆ ప్రశ్నలకి జవాబు చెప్పకుండా తమ మనసులో ఉన్నదేదో చెప్పటం మొదలుపెట్టారు. అప్పుడు పట్టిక పక్కన పెట్టి, ఊరికే వినండి, సలహా ఇవ్వకండి, వాదించకండి అని ఇంటర్వ్యూ చేసేవాళ్ళకి నేర్పారు. అరగంట ఇంటర్వ్యూ గంటన్నర అయింది. ఎన్నడూ తన మాట అడగని చోట ఒక మనిషి కూర్చుని వింటుంటే గుండె తేలికపడటం సహజమే కదా. ఒకామె క్యాంటీన్ తిండి బాగోలేదని చెప్పింది. కొన్నాళ్ళకి వచ్చి, మీరు చెప్పాక తిండి బాగుపడింది, చాలా సంతోషం అంది. నిజానికి క్యాంటీన్‌లో ఎవరూ ఏమీ మార్చలేదు.

ఈ ఉదంతాన్ని వినటంలో ఉన్న శక్తికి నిదర్శనంగా చెప్పుకుంటారు. నిజమే. కానీ తిండి మార్చకుండానే ఫిర్యాదు పోగొట్టవచ్చు అని కూడా దీన్నించి నేర్చుకోవచ్చు. ఆ రెండో పాఠం ఏ యజమానికి రుచించదు చెప్పండి?

1931 నవంబరులో ఇంకో గది ఏర్పాటుచేశారు. ఈసారి 14 మంది మగవాళ్ళు, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలకి తీగలు కలిపేవాళ్ళు. ఇక్కడ పని పెరగలేదు. రోజుకి ఇంత చేస్తే చాలు అని వాళ్ళలో వాళ్ళు ఒక లెక్క పెట్టుకున్నారు. అంతకు మించి ఎవడైనా చేస్తే జబ్బ మీద ఒక గుద్దు గుద్దేవారు. పరిశోధకులకి ఇది మూర్ఖంగా కనిపించింది. నాకు అలా అనిపించలేదు. బయట మహామాంద్యం. కార్ఖానాలో వేలమందిని తీసేస్తున్నారు. ఎక్కువ చేస్తే రేటు తగ్గిస్తారేమో, ఉన్న పని తొందరగా అయిపోతే రేపు మనల్నీ పంపేస్తారేమో అన్న భయం వాళ్ళది. 1932 మేలో పని లేక ఆ గదే మూతపడింది. రిలే గది అమ్మాయిల్లో కూడా ఉద్యోగాలు పోయినవాళ్ళున్నారు. అన్నేళ్ళు వాళ్ళు ఎన్ని గంటలు నిద్రపోయారో, ఏం తిన్నారో రాసిపెట్టుకున్న కంపెనీకి వాళ్ళ ఉద్యోగాలు కాపాడే ఉపాయం తట్టలేదు.

1936లో హాథార్న్‌లో కౌన్సెలింగ్ మొదలైంది. 1948లో 55 మంది కౌన్సెలర్లు ఉండేవారు. ఉద్యోగి చెప్పినది గుట్టుగా ఉంచేవారు. అది గొప్ప విషయం. కానీ విన్నదాని మీద ఏ చర్యా తీసుకునే అధికారం వాళ్ళకి లేదు. మనిషి తన పరిస్థితిని చూసే చూపు మార్చుకునేలా సాయపడటమే వాళ్ళ పని. పరిస్థితిని మార్చటం కాదు. 1956కల్లా ఆ కార్యక్రమం ఆగిపోయింది. కార్ఖానా 1980లలో మూతపడింది. ఇప్పుడు ఆ స్థలంలో షాపింగ్ సెంటరు ఉంది. పాత నీళ్ళ టవరు ఒక్కటి మిగిలింది. దగ్గర్లోని మోర్టన్ కాలేజీలో చిన్న మ్యూజియం ఉంది, పిల్లల్ని తీసుకెళ్ళి చూపించవచ్చు.

పరిశోధనని తిరగదోడినవాళ్ళు కూడా ఉన్నారు. 1967లో అలెక్స్ కేరీ అనే ఆయన జీతం సంగతీ, తీసేసిన ఇద్దరి సంగతీ ఎత్తిచూపి గట్టిగా విమర్శించాడు. పోయిందనుకున్న దీపాల ప్రయోగం లెక్కలు దొరికితే, 2011లో లెవిట్, లిస్ట్ అనే ఆర్థికవేత్తలు మళ్ళీ చూసి, అందరూ చెప్పుకునేటంత అద్భుతం అక్కడ లేదని తేల్చారు.

మరి ఈ కథ నించి మనం ఏం తీసుకోవాలి? నాకు తోచింది చెబుతాను. ఆ గదిలో అమ్మాయిలకి దొరికినవి గాలిలో ఉండే విషయాలు కావు. మధ్యలో విరామం, కష్టానికి తగిన డబ్బు, నెత్తిన కూర్చోని పైవాడు, మార్పు చేసేముందు మీరేమంటారు అనే ఒక్క మాట, పక్కన స్నేహితులు. మనశ్శాంతి వీటిలోంచి వచ్చింది. వీటిని వదిలేసి, వినటం ఒక్కటే పట్టుకున్నప్పుడు అది ఓదార్పుగా మిగిలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పనిచోట మానసిక ఆరోగ్యం మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా మనిషికి ధ్యానం, ఓర్పు నేర్పటంతో సరిపెట్టకుండా పనిభారం, పని పద్ధతి లాంటివి కూడా మార్చమని ఉంది.

మన ఇళ్ళల్లో ఈ సంగతికి ఇంకొంచెం బరువు ఎక్కువ. వీసా ఉద్యోగంతో ముడిపడి ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల గడువు. ఇంటికి అప్పు, పిల్లల చదువు, ఊళ్ళో అమ్మానాన్నలు. అలాంటప్పుడు ఆఫీసులో ఊపిరాడకపోతే మనవాళ్ళు చాలామంది "నాలోనే ఏదో లోపం ఉంది" అనుకుంటారు. ఇంట్లో కూడా చెప్పరు. నలుగురూ బాగానే ఉన్నారు, నాకే చేతకావటం లేదు అని కుమిలిపోతారు. వాళ్ళకి నేను ఈ కథ చెప్పాలనుకున్నాను. లోపం మనిషిలో వెతికేముందు పనిలో వెతకండి. ఎన్ని గంటలు చేస్తున్నారు, ఎవరి కింద చేస్తున్నారు, మీ మాట ఎక్కడైనా చెల్లుతోందా అని చూసుకోండి. ఆఫీసువాళ్ళు ఇచ్చే కౌన్సెలింగ్ ఉంటే సిగ్గుపడకుండా వాడుకోండి. గుండె తేలికపడటం చిన్న విషయం కాదు. మరీ చీకటిగా అనిపిస్తే, అమెరికాలో ఉన్నవాళ్ళు 988కి ఫోను చెయ్యండి, రాత్రీపగలూ ఎవరో ఒకరు పలుకుతారు.

మీలో కొందరు ఇప్పుడు మేనేజర్లు. మీ కింద పనిచేసేవాళ్ళని ఎలా ఉన్నారు అని అడిగినప్పుడు, వాళ్ళు చెప్పినవాటిలో ఒక్కటైనా మార్చండి. మార్చలేకపోతే మార్చలేనని చెప్పండి. ఆ క్యాంటీన్ కథ మనదాకా రానివ్వకండి.

వచ్చే నెల ఇంకో విషయంతో కలుసుకుందాం. అందాకా సెలవు, నమస్కారం.