ఫ్రిస్కో (టెక్సస్)

ఫ్రిస్కో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, డల్లాస్‌కు ఉత్తరాన ఉన్న శివారు నగరం. కాలిన్, డెంటన్ కౌంటీల్లో విస్తరించి ఉంది.

చరిత్ర: 19వ శతాబ్దంలో పశువుల మందలను ఉత్తరాదికి తోలుకెళ్లిన షానీ బాట ఇటుగానే సాగేది, నేటి ప్రెస్టన్ రోడ్డు ఆ దారినే అనుసరిస్తుంది. 1902లో రైలుమార్గం వచ్చింది. ఆవిరి ఇంజన్లకు నీరు పట్టే చోట కొత్త ఊరు వెలిసింది. సమీపంలోని లెబనాన్ గ్రామస్థులు కొందరు తమ ఇళ్లనే దుంగల మీద దొర్లించుకుంటూ ఇక్కడికి తరలివచ్చారు. సెయింట్ లూయిస్-శాన్ ఫ్రాన్సిస్కో రైల్వేకున్న ‘ఫ్రిస్కో’ అనే వాడుకపేరే ఊరికి స్థిరపడింది. 1908లో పురపాలక సంఘం ఏర్పడింది.

జనాభా: 2000లో 33,714, 2010లో 1,16,989, 2020లో 2,00,509. డల్లాస్ నార్త్ టోల్‌వే, సమీప ప్లేనోలోని కార్పొరేట్ ఉద్యోగాలు, మంచి ప్రభుత్వ పాఠశాలలు ఈ పెరుగుదలకు ముఖ్య కారణాలు.

క్రీడలు: డల్లాస్ కౌబాయ్స్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ప్రధాన కార్యాలయం 2016లో ఇక్కడికి మారింది.

తెలుగువారు: ఐటీ ఉద్యోగాలతో వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ పెద్దసంఖ్యలో స్థిరపడ్డాయి. మైసూరు దత్తపీఠాధిపతి గణపతి సచ్చిదానంద స్వామి ఆశీస్సులతో వెలసిన కార్యసిద్ధి హనుమాన్ ఆలయం వారికి ముఖ్యమైన కూడలి. పండుగపూట పిల్లలూ, ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చిన తాతయ్యలూ అమ్మమ్మలూ ఒకేచోట కలిసేది అక్కడే. వలస వచ్చినవారు ఊరిని సొంతం చేసుకోవడానికి ఇలాంటి కూడళ్లు ఎంతో అవసరం.