పలువరుసను దిద్దిన తీగ

పాలపన్ను ఊడిన పిల్లవాడు ఆ క్రొత్త సందును నాలుకతో మాటిమాటికి తడవి చూచుకొనుచుండగా, ప్రక్కనే కూర్చుండి వత్తులు చేసికొనుచున్న అమ్మమ్మ తలయెత్తి, “నాలుకతో తోయకురా, ఎత్తుపళ్లు వస్తాయి” అని మందలించుట తెలుగునాట ఏ యింటనైనను వినబడు మాటయే. శరీరమందెల్ల కఠినమైనది పంటిపై నుండు పింగాణీపొర. మెత్తని యవయవములలో నొకటి నాలుక. ఈ మెత్తనిది ఆ కఠినమైనదానిని స్థానభ్రష్టము చేయగలదనుట పిల్లలను బెదరించుటకు కల్పించిన మాటయని నేను చాలకాలము తలచితిని. వంకరదంతములను వరుసకు దెచ్చు వైద్యవిద్య చరిత్రను చదివిన పిదప నా యభిప్రాయము మారినది. ఎప్పుడో ఒకసారి తోసిన తోపుకన్న, గంటల తరబడి పంటి నానుకొని యుండు నాలుకయు, నోట వ్రేలు వేసికొను నలవాటును, పెదవుల బిగువును పంటి స్థానమును నిర్ణయించునని వైద్యులు చెప్పుచున్నారు. పంటిని కదల్చుటకు బలముకన్న ఎడతెగని తేలికయొత్తిడి మేలని గ్రహించుటకు వైద్యలోకమునకు రెండువేల యేండ్లకు దగ్గరగా పట్టినది.

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమను రచయిత సెల్సస్ ‘డి మెడిసీనా’ అను తన వైద్యగ్రంథమున, పాలపన్ను ఊడక మునుపే దాని ప్రక్కన శాశ్వతదంతము పొడచూపినచో పాలపంటిని పెరికివేసి, క్రొత్తపన్ను తన చోటికి వచ్చువరకు దానిని ప్రతిదినము వ్రేలితో నెట్టుచుండవలెనని వ్రాసెను. వ్రేలు, దినదినము మానక చేయు పని. అంతకు మించి అతడు కోరినది లేదు. ప్రాచీన ఇటలీయందలి ఇట్రూరియా సమాధులలో స్త్రీల పుఱ్ఱెలయందు కనబడిన బంగారుపట్టీలను చూచి, అవి పండ్లను సవరించుటకు వేసినవని కొందఱు సంబరపడుదురు గాని, అవి ఊడినపంటి స్థానమున పెట్టిన పంటిని నిలుపుటకు కట్టినవి. సెల్సస్ తరువాత ఐరోపాలో పదునాఱు శతాబ్దములకు పైగా ఈ విషయమున చెప్పుకొనదగిన అభివృద్ధి కానరాదు.

దంతవైద్యమునకు పితామహుడని పేరువడసిన పియేర్ ఫోషార్ 1678లో ఫ్రాన్సుదేశపు బ్రిటనీ ప్రాంతమున జన్మించి, చిన్నతనముననే నౌకాదళమున చేరి, నావికుల చిగుళ్లను కుళ్లజేయు స్కర్వీ వ్యాధిని కన్నులార చూచుచు, ఓడలలోని శస్త్రవైద్యుల యొద్ద పని నేర్చి, పిమ్మట పారిస్ నగరమున స్థిరపడెను. సంతలలో వేదికలెక్కి పండ్లు పెరుకువారు తమ కిటుకులను దాచుకొను నాకాలమున, తనకు తెలిసినదంతయు 1728లో రెండు సంపుటములుగా నచ్చొత్తించి పదుగురి ముందుంచుట గొప్ప యౌదార్యమని నా నమ్మకము. అతడు వర్ణించిన ‘బాందో’ అను సాధనము గుఱ్ఱపులాడమువలె వంచిన సన్నని వెండి లేక బంగారు రేకు. దానికి వరుసగా రంధ్రములుండును. వంకరపండ్లను దారముతో ఆ రేకునకు కట్టి బిగించినచో అవి క్రమముగా దాని వంపునకు చేరువగును. నేటి క్లిప్పుల తీగకు ఈ రేకే పూర్వరూపము. అయితే ఫోషారునకు ఓర్పు చాలని సందర్భములును గలవు. అప్పుడతడు పెలికన్ అను పక్షిపేరు గల పెరుకుడు పనిముట్టుతో ఆ పంటిని చిగురులోనే కదలించి, ఒక్కపెట్టున వరుసకు దెచ్చి, ఇరుగుపొరుగు పండ్లకు కట్టివేయుచుండెను. మత్తుమందు లేని యా దినములలో అతని యెదుట నోరు తెఱచి కూర్చున్న మనుష్యుని తలచుకొన్నచో ఒడలు జలదరించును.

1757లో ఫ్రెంచి రాజాస్థాన దంతవైద్యుడు ఎతియెన్ బూర్దే, దవడలో చోటు చాలనప్పుడు చిన్న దవడపండ్లను తీసివేసి తక్కినవానికి ఎడము కల్పింపవచ్చునని వ్రాసెను. ఆ చిన్నమాట ముందుముందు ఎంతటి కలహమునకు మూలమగునో అతడూహించి యుండడు. లండనులో జాన్ హంటర్ అను శస్త్రవైద్యుడు 1771లో వెలువరించిన మానవదంతముల ప్రకృతిచరిత్రమున, క్రిందిదవడ వయస్సుతోపాటు వెనుకవైపున పెరుగుచు పెద్దపండ్లకు చోటిచ్చునని చూపెను. పందులకు మంజిష్ఠజాతి వేరు కలిపిన మేత పెట్టి, ఎఱ్ఱచాయ యెక్కిన క్రొత్తయెముక ఎచ్చట చేరుచున్నదో పరిశీలించుటయు నాతని ప్రయోగములలో నొకటి. ఎముక యనునది ఒకచోట పెరుగుచు మఱియొకచోట కరగుచు నిరంతరము మాఱు సజీవపదార్థమని యాతడు గ్రహించెను. దంతవైద్యులు ఆ యెఱుకను తమ పనికి అన్వయించుకొనుటకు మాత్రము ఇంకను నూఱేండ్లకు పైబడినది.

ఆ నూఱేండ్లును సాధనముల కాలము. 1839లో చార్లెస్ గుడియర్ రబ్బరును గంధకముతో వేడిచేసి గట్టిపఱచు విధమును కనుగొనగా, కొలదియేండ్లలోనే అది నోటిలోనికి వచ్చెను. నేడు క్లిప్పులు వేసికొన్న పిల్లలు కొక్కెములకు తగిలించుకొను చిన్న రబ్బరులు దాని సంతతియే. ఈ విద్యకు పేరుపెట్టినవాడు ఫ్రెంచివైద్యుడు లఫులాన్. 1841లో అతడు తిన్ననిది, పన్ను అను అర్థములు గల రెండు గ్రీకుపదములను కూర్చి ఆర్థోడాంటోసి యనెను. అమెరికాలో నార్మన్ కింగ్స్‌లీ తలకు తగిలించిన పట్టీ యాధారముగా పైపండ్లను వెనుకకు లాగు పద్ధతిని వ్యాపింపజేసి 1880లో గ్రంథము వెలువరించెను. జాన్ ఫారర్ మరలతో నడచు సాధనములను కల్పించి, పంటిని కొంత నెట్టి, కొంత విశ్రాంతినిచ్చి, మరల నెట్టవలెనని వాదించెను. పంటి చుట్టునున్నది సేదదీరవలసిన ధాతువను నెఱుక ఆ విశ్రాంతి యను మాటలో నాకు కనబడుచున్నది.

ఇంతవఱకు ఇది పలువురు తమకు తోచినట్లు చేసిన పని. దీనిని శాస్త్రముగా కట్టుదిట్టము చేసినవాడు ఎడ్వర్డ్ హార్ట్‌లీ యాంగిల్. 1855లో పెన్సిల్వేనియాలో జన్మించిన యాంగిల్ చేతిపనియందు అసాధారణమైన నేర్పరి, తన మాటకు ఎదురు సైపనివాడు. 1899లో అతడు ప్రకటించిన వర్గీకరణమున పైదవడలోని మొదటి పెద్ద దవడపన్ను ప్రమాణము. క్రిందిది దానితో సరిగా కలిసియుండి తక్కినపండ్లు మాత్రము గజిబిజిగా నున్నచో మొదటి తరగతి, క్రిందిది వెనుకకు తగ్గియున్నచో రెండవది, ముందునకు చొచ్చుకొని వచ్చినచో మూడవది. మనము ఎత్తుపండ్లనునవి చాలవఱకు రెండవదానిలో చేరును. ఈ విద్యను నేర్చువారు నేటికిని ఆ మూడు తరగతులతోనే మొదలుపెట్టుదురు. సాధనముల విషయమున అతడు ఒకటి కల్పించి, దాని లోపమును తానే కనిపెట్టి, మఱియొకటి కల్పించుచు, తుదకు 1928లో, డెబ్బదియేండ్లు దాటిన వయస్సున, ‘ఎడ్జ్‌వైజ్’ సాధనమును ప్రకటించెను. ప్రతి పంటికిని ఒక చిన్న బ్రాకెట్టు. దానిలో అంగుళమును వేయిభాగములు చేయగా 22 భాగముల యెత్తు, 28 భాగముల లోతు గల గాడి. ఆ గాడిలో అమరు నలుపలకల తీగ. గుండ్రని తీగ పంటిని ఒరగించునే గాని వేరును దిద్దజాలదు. నలుపలకల తీగ గాడిలో మెలిపడి, కంటికి కానరాని వేరును సైతము వలసిన దిక్కునకు త్రిప్పును. నేడు మన పట్టణములలో వేయు క్లిప్పులు దాదాపన్నియు ఈ గాడి సంతానమే. అటుపై రెండేండ్లకు యాంగిల్ మరణించెను.

యాంగిల్ సాధనములకు మెఱుగుపెట్టుచుండగా, మఱికొందఱు ఆ సాధనము ఎముకలో ఏమి చేయుచున్నదని విచారించిరి. 1904లో స్వీడనుకు చెందిన సాండ్‌స్టెడ్ కుక్కల పండ్లను తీగలతో కదల్చి, ఆ భాగమును పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించెను. పన్ను ఒత్తుచున్నవైపు ఎముక కరగుచున్నది. పన్ను విడిచివచ్చిన వైపు క్రొత్తయెముక పోసికొనుచున్నది. వేరునకును ఎముకకును నడుమ మిల్లీమీటరులో అయిదవవంతు మందమైన నారపొర గలదు. పన్ను ఎముకలో దిగగొట్టిన మేకు కాదు, ఆ నారలపై వ్రేలాడుచుండును. ఒత్తిడి మితిమీఱినచో ఆ పొరలోని రక్తనాళములు నలిగి, రక్తమాడక, కణములు నశించి, పన్ను కదలుట మాని మొరాయించును. 1932లో వియన్నా నగరమున ష్వార్జ్ ఆ మితమును చదరపు సెంటీమీటరునకు 20 మొదలు 26 గ్రాములని లెక్కగట్టెను. అది కేశనాళికలలోని రక్తపు ఒత్తిడికి ఇంచుమించు సమానము. 1963లో వైన్‌స్టైన్ ప్రభృతులు సుమారు రెండు గ్రాముల ఒత్తిడియైనను చాలకాలము నిలిచినచో పంటిని కదల్చునని చూపిరి. అమ్మమ్మ మాటకు ఇంతకన్న సాక్ష్యమేల?

ఇక పండ్లను తీయవచ్చునా కూడదా యను ఆ పాతకలహము. యాంగిల్ మతమున ప్రకృతి యిచ్చిన ప్రతిపంటికిని దవడలో చోటు కల్పింపవలసినదే. ఒక్కటి తీసినను ముఖసౌష్ఠవము చెడును. అపోలో బెల్విడియర్ అను ప్రాచీనశిల్పపు ముఖమును అతడు ఆదర్శముగా చూపెను. జాతికొక ముఖము, కుటుంబమునకొక ముక్కు గల లోకమున దవడలు మాత్రము ఒక్క శిలావిగ్రహమును పోలవలెననుట నాకు మ్రింగుడుపడని మాట. 1911లో కాల్విన్ కేస్ ఈ మతమును ధైర్యముగా ప్రతిఘటించినను, అప్పటికి యాంగిల్ పక్షమే నెగ్గెను. దానిని కూలద్రోసినవారు అతని శిష్యులే. అరిజోనాలోని టూసాన్ నగరమున చార్లెస్ ట్వీడ్ గురువు చెప్పినట్లే ఏ పన్నును తీయక వైద్యము చేసి, కొన్నియేండ్లకు చూచుకొనగా, పలువురి పండ్లు మరల వంకరలు తిరిగియుండుటయు, పెదవులు ముందునకు ఉబికియుండుటయు కనబడెను. అట్టివారికి నాలుగు చిన్న దవడపండ్లను తీసి తిరిగి వైద్యము చేసి, 1940లో నూఱుగురి నమూనాలను, మొదటి ఫలితము ప్రక్కన రెండవదానిని నిలిపి, తోటివైద్యుల ముందుంచెను. తన వైఫల్యమును నూఱు పర్యాయములు బల్లమీద పఱచి చూపిన యా మనుష్యునికి నేను చేయెత్తి నమస్కరింతును. మఱియొక శిష్యుడు, అడిలెయిడ్ నగరవాసి రేమండ్ బెగ్, ఆస్ట్రేలియా ఆదివాసుల గరుకుతిండివలన వారి పండ్లు ప్రక్కలకు సైతము అరిగి దవడలో చోటు తనంతట ఏర్పడుచున్నదనియు, మెత్తనితిండి తినువారికి ఆ యరుగుదల లేదనియు వాదించి, విల్కాక్ అను లోహనిపుణుడు చేసియిచ్చిన సన్నని ఉక్కుతీగతో తేలికబలమున పండ్లను నడపెను. నేడు ఉభయపక్షములును చల్లబడినవి; చోటున్న నోట పెరుకరు, లేని నోట పెరుకుదురు.

యాంగిల్ నాడు ప్రతిపంటి చుట్టును లోహపుపట్టీ తొడిగి దానికి బ్రాకెట్టు నతుకవలసి యుండుటచే, నవ్విన పిల్లవాని నోట పన్నుకన్న లోహమే హెచ్చుగా కనబడెడిది. 1955లో మైకేల్ బువొనొకోర్, కార్ఖానాలలో లోహమునకు రంగు పట్టుటకై ముందుగా ఫాస్ఫారిక్ ఆమ్లము పూయుదురని యెఱిగి, అదే యామ్లమును అరనిమిషము పంటిపై నుంచి కడుగగా, పింగాణీపొర కంటికానని గరుకుదేఱి అతుకును గట్టిగా పట్టుకొనుట కనుగొనెను. పిదప పదియేండ్లకు బ్రాకెట్టును సూటిగా పంటికే అంటించుట ఆరంభమైనది. తీగ చరిత్ర మఱింత వింత. అమెరికా నావికాదళపు ప్రయోగశాలలో విలియం బ్యూలర్ క్షిపణుల శిఖరములకు వేడికోర్చు లోహమును వెదకుచు, నికెలు టైటానియముల మిశ్రలోహమును సిద్ధపఱచెను. ఎంత వంచినను తొలిరూపునకే మరలివచ్చుట దాని గుణము. అయోవా విశ్వవిద్యాలయపు జార్జి ఆండ్రియాసెన్ 1970వ దశకమున దానిని పండ్లకు కట్టెను. వంకరపండ్లపై వంకరగా అమర్చిన ఆ తీగ, తాను తిన్ననగుటకు వారముల తరబడి మెల్లగా పెనుగులాడుచు పండ్లను గూడ తనవెంట తెచ్చును. క్షిపణికై పుట్టిన లోహము పసినోట ఇంత మృదువుగా మెలగుట నాకెన్నడును తఱుగని యాశ్చర్యము.

1945లోనే హెరాల్డ్ కెస్లింగ్ పంటినమూనాను మైనములో దిద్ది, దానిపై రబ్బరుతొడుగు చేసి, ఇట్టివానిని ఒకదాని వెంట నొకటి మార్చుచు పండ్లను నడపవచ్చునని సూచించెను. అన్ని నమూనాలు చేతితో దిద్దుట దుస్సాధ్యము గనుక ఆ యూహ కంప్యూటరు కొఱకు వేచియుండెను. 1997లో కాలిఫోర్నియాలో జియా చిష్తీ, కెల్సీ విర్త్ అను ఇద్దఱు, దంతవైద్యులు కానివారు, అలైన్ టెక్నాలజీ సంస్థను స్థాపించిరి; 1999లో ఇన్‌విజలైన్ అను పారదర్శకపు తొడుగులు విపణికి వచ్చినవి. ఒక్కొక్క తొడుగు పంటిని మిల్లీమీటరులో నాలుగవవంతు మాత్రము జరుపును. దినమునకు ఇరువదిరెండు గంటలు నోట నుండవలెను. సెల్సస్ చెప్పిన వ్రేలే ఇట్లు ప్లాస్టిక్ రూపమున మరలివచ్చెనని నాకు తోచును.

ఇక మన దేశమున, 1920లో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ కలకత్తాలో దంతకళాశాలను నెలకొల్పగా, 1965లో ఇండియన్ ఆర్థోడాంటిక్ సొసైటీ ఏర్పడినది. నేడు లోహపుక్లిప్పులు, పంటిరంగు సెరామిక్ క్లిప్పులు, లోపలివైపున అంటించునవి, అలైనర్లనబడు ఆ పారదర్శకపు తొడుగులు అన్నియు మనకును లభించుచున్నవి. పండ్లను బాగుగా త్రిప్పవలసినచోట, పెరికిన ఖాళీలను మూయవలసినచోట క్లిప్పులదే పైచేయి; తీసిపెట్టుకొనగల సౌకర్యమే అలైనరు బలహీనతయు. లోపము దవడలోనే యున్నచో ఎదుగువయస్సున దానిని మళ్లింపవచ్చును. ఆ వయస్సు దాటినవారికి శస్త్రచికిత్సయే గతి యగుటయు గలదు. కావుననే ఏడేండ్ల వయస్సున ఒకసారి వైద్యునకు చూపుమందురు. ఆడపిల్ల పలువరుసను పెండ్లిచూపులనాడు తొలిసారి లెక్కించు ఇండ్లు మనలో నింకను కలవు. అరచేత నోరు కప్పుకొని నవ్వుట నేర్చుకొన్న పిల్లలను చూచినపుడెల్ల, పదవయేట ఎవరైన చేయిపట్టుకొని వైద్యునియొద్దకు తీసికొనిపోయి యుండరాదా యని మనస్సు కలుక్కుమనును.

క్లిప్పులు విప్పిన దినమున వైద్యుడు చేతికొక చిన్న డబ్బీ యిచ్చి, “రోజూ రాత్రి పెట్టుకోవాలమ్మా, మానితే మళ్లీ మొదటికొస్తాయి” అని చెప్పును. అందులోనిది రిటెయినరు. ఎముక కొన్ని నెలలలో కుదురుకొన్నను, చిగురులోని సాగుడునారలు పాతచోటిని మఱచుటకు దాదాపు ఏడాది పట్టును. అంతవఱకును అవి పంటిని వెనుకకు లాగుచునే యుండును. దీపమార్పి, రిటెయినరు తొడుగుకొని, పిల్లది నిద్రపోవును. నాలుక మాత్రము ఆ చీకటిలో పండ్ల వెనుక నానుకొని, తన పని తాను చేసికొనుచుండును.